కుటుంబ, మానవ సేవల విద్య: సారపాక నుండి ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

“కుటుంబ పరిచర్య” అను మాట నేడు తెలుగు సంఘములలో అందరికీ పరిచితమైనది. భార్యాభర్తల సదస్సులు, తల్లిదండ్రుల కూడికలు, వివాహమునకు ముందు ఇచ్చే సలహాలు, యౌవనస్తుల శిబిరములు – వీటిలో ఏదో ఒకటి మన సంఘములలో తరచుగా జరుగుతూనే ఉన్నది. ఈ పరిచర్య వెనుక ఒక విద్యాశాఖ ఉన్నది. అమెరికాలోని కొన్ని క్రైస్తవ విశ్వవిద్యాలయములలో దానిని “ఫ్యామిలీ అండ్ హ్యూమన్ సర్వీసెస్” అని పిలుస్తారు. తెలుగులో మనము దానిని కుటుంబ, మానవ సేవల విద్య అనవచ్చును. మానవ వికాసము, కుటుంబ సంబంధములు, కౌన్సెలింగు, సేవాసంస్థల నిర్వహణ, క్షేత్రానుభవము ఇందులోని ముఖ్యాంశములు.

ఈ విద్య మంచిదా, చెడ్డదా అని గాలిలో చర్చించుట వలన ప్రయోజనము లేదు. ఏ విద్యనైనను ఒక ఊరిలో నిలబెట్టి చూడవలెను. ఈ వ్యాసము అందుకు సారపాకను ఎంచుకొన్నది. గోదావరికి ఇవతలి ఒడ్డున, భద్రాచలమునకు ఎదురుగా, బూర్గంపాడు మండలములో ఉన్న ఈ ఊరిలో కాగితపు మిల్లు కార్మికులు, కోయలు, వలస వచ్చిన దళిత కుటుంబములు, చిన్న వ్యాపారులు పక్కపక్కన జీవిస్తున్నారు. క్రైస్తవ విశ్వవిద్యాలయములో కుటుంబ సేవలను అభ్యసించిన ఒక సేవకురాలు ఇక్కడి సంఘమునకు వచ్చినదనుకొందాము. ఆమె నేర్చుకొన్నది ఇక్కడి ఇండ్లకు ఎంతవరకు అక్కరకు వచ్చును? ఇదే మన ప్రశ్న.

“అది పాశ్చాత్య విద్య, మనకు సరిపోదు” అని చెప్పుట సులభము. ఆ జవాబు సరియైనది కాదని ఈ వ్యాసము యొక్క అభిప్రాయము. లోపము ఆ విద్య విదేశీయమగుటలో లేదు. మనము దానిని తెచ్చుకొన్నప్పుడు సగము మాత్రమే తెచ్చుకొన్నాము. విడిచిపెట్టిన సగమే సారపాక వంటి చోట్ల ఎక్కువ అవసరము.

1. ఈ విద్య యొక్క పుట్టుక

కుటుంబమునకు చేసే సేవను ఒక శాస్త్రముగా నేర్పించవచ్చునను ఆలోచన ఇరువదవ శతాబ్దపు ఆరంభములో బలపడినది. అమెరికాలో మేరీ రిచ్‌మండ్ 1917లో ప్రచురించిన “సోషల్ డయాగ్నసిస్” అను గ్రంథము, కష్టములో ఉన్న కుటుంబమునకు చేయి చాపక ముందు దాని పరిస్థితిని క్రమముగా విచారించి తెలిసికొనవలెనని బోధించినది. “కేస్ వర్క్” అను పద్ధతికి అది పునాది గ్రంథములలో ఒకటి. అనంతరము 1938లో అక్కడ కుటుంబ సంబంధముల జాతీయ మండలి ఏర్పడినది. కుటుంబ జీవిత విద్యను బోధించువారికి ఈ మండలి 1985 నుండి ధ్రువపత్రములు ఇస్తున్నది. క్రైస్తవ విశ్వవిద్యాలయములలో ఈ శాఖను నడిపేవారిలో పలువురు తమ పాఠములను ఆ మండలి ప్రమాణములకు అనుగుణముగా దిద్దుకొన్నారు.

మన దేశములో ఈ చరిత్రకు ఒక విశేషమున్నది. సోషల్ వర్క్ విద్య ఇక్కడ ఒక మిషనరీ చొరవతో ఆరంభమైనది. అమెరికను మరాఠీ మిషనుకు చెందిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ బొంబాయిలోని నాగ్‌పాడా మురికివాడలో నైబర్‌హుడ్ హౌస్ స్థాపించి పని చేశారు. ఆ అనుభవము నుండి 1936లో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ పుట్టినది. దాని తొలి డైరెక్టరు ఆయనే. ఆయన తరువాత ఆ బాధ్యత జె. ఎం. కుమారప్ప అను భారతీయ క్రైస్తవునికి వచ్చినది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఆ పాఠశాలయే. తరువాత 1960లో మంగళూరులో కతోలిక సన్యాసినులు రోషిణీ నిలయమును స్థాపించారు. 2005లో షిల్లాంగ్ కేంద్రముగా మార్టిన్ లూథర్ క్రిస్టియన్ యూనివర్సిటీ ఏర్పడినది. 2008లో బెంగళూరు క్రైస్ట్ కళాశాల డీమ్డ్ విశ్వవిద్యాలయమైనది. సోషల్ వర్క్ విద్యకు ఈ సంస్థలలో స్థానము లభించినది.

ఇంతటి చరిత్ర ఉన్నను, వేదాంత విద్య మాత్రము వేరొక దారిలో నడచినది. సేరంపూరు విధానములోని బి.డి. విద్యార్థి పాస్టోరల్ కేర్, కౌన్సెలింగు చదువుతాడు గాని సోషల్ వర్క్ విద్యార్థితో కలిసి ఒక కుటుంబము ఇంటికి వెళ్లే సందర్భము అతనికి అరుదు. సోషల్ వర్క్ విద్యార్థికి చట్టములు తెలియును, సంఘము తెలియదు. బైబిలు పాఠశాల విద్యార్థికి సంఘము తెలియును, చట్టము తెలియదు. ఒకే ఇంటి నుండి బయలుదేరిన ఇద్దరు అన్నదమ్ములు మరల కలుసుకొనకుండుట వంటిది ఈ స్థితి.

ఇక్కడ మన ప్రాంతపు చరిత్ర నుండి ఒక మినహాయింపును గుర్తు చేసికొనవలెను. 1912లో డోర్నకల్ బిషపుగా అభిషేకము పొందిన వి. ఎస్. అజరయ్య గారి కాలములో, పరిచర్యకు సిద్ధపడుచున్న పురుషులతో పాటు వారి భార్యలకు కూడా శిక్షణ ఇచ్చారు. గ్రామ సంఘములోని స్త్రీల యొద్దకు, బిడ్డల యొద్దకు, వంటింటి యొద్దకు వెళ్లగలిగినది ఆ భార్యలే. కుటుంబ సేవ అను పేరు లేకుండనే అక్కడ ఆ విద్య జరిగినది.

2. మనము తెచ్చుకొన్నది సగమే

పైన చెప్పిన మండలి ప్రమాణములలో పది విషయములున్నవి. అవి: సమాజములో కుటుంబము యొక్క స్థితి, కుటుంబము లోపలి సంబంధములు, జీవితకాలమంతటి ఎదుగుదల, లైంగికత, వ్యక్తుల మధ్య సంబంధములు, కుటుంబ వనరుల నిర్వహణ, పిల్లల పెంపకము, కుటుంబ చట్టములు మరియు ప్రభుత్వ విధానములు, వృత్తి నీతి, బోధనా పద్ధతులు.

ఈ పట్టికను మన సదస్సుల ప్రసంగాంశముల పక్కన పెట్టి చూడవలెను. భార్యాభర్తల మాటతీరు, కోపమును అదుపు చేసికొనుట, క్షమాపణ, బిడ్డల క్రమశిక్షణ, యౌవనస్తుల పవిత్రత – ఇవి మనము తరచుగా వింటాము. ఇవి పదింటిలో మూడు నాలుగు విషయములకు చెందినవి. వనరుల గూర్చి మాట్లాడినప్పుడు దశమభాగముతోను, పొదుపు చేయుమను హితవుతోను ముగిస్తాము. చట్టమును గూర్చి దాదాపు మాట్లాడము. వృత్తి నీతి అనగా ఏమిటో, ఒక విశ్వాసి చెప్పుకొన్న సంగతిని ప్రసంగములో ఉదాహరణగా వాడవచ్చునా అను చిన్న ప్రశ్నను కూడా వేసికొనము. సమాజములో కుటుంబము యొక్క స్థితి అను మొదటి విషయమును “ఈ చెడ్డ లోకము” అను ఒక్క మాటతో దాటివేస్తాము.

ఈ ఎంపిక యాదృచ్ఛికము కాదు. మాటతీరును గూర్చిన బోధ ఏ ఊరిలోనైనను ఒకే విధముగా చెప్పవచ్చును. చట్టము, భూమి, అప్పు, కూలి – వీటిని గూర్చి మాట్లాడవలెనంటే ఆ ఊరిని తెలిసికొనవలెను. ఒక్కొక్కసారి ఆ ఊరిలో ఎవరికో కోపము కూడా రావచ్చును. కష్టమైన దానిని విడిచి సులభమైన దానిని తెచ్చుకొన్నాము.

3. సారపాక ఇల్లు

సారపాకలో ఇల్లు అనగా ఏమిటి? నైజాము పాలనలో ఇది నది ఇవతలి ఊరు. అవతలి ఒడ్డున ఉన్న భద్రాచలము 1860లో బ్రిటిషువారి వశమై, కొంతకాలము సెంట్రల్ ప్రావిన్సులలోను, 1874 నుండి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలోను ఉన్నది. 1959లో అది ఖమ్మము జిల్లాలో కలిసినది. 1965లో వంతెన వచ్చిన తరువాత రెండు ఒడ్డుల జీవితము ఒక్కటైనది. 1979లో ఐ.టి.సి. సంస్థ భద్రాచలం పేపర్‌బోర్డ్స్ కంపెనీని నెలకొల్పినది. 2002లో ఆ కంపెనీ ఐ.టి.సి.లో విలీనమైనది. సారపాకలోని ఈ మిల్లు చుట్టూ ఊరు పెరిగినది. జామాయిలు, సుబాబులు కర్ర దానికి ముడిసరుకు. చుట్టుపక్కల సేద్యము, కూలి, అప్పు కొంతవరకు ఆ కర్రతో ముడిపడినవి.

2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఏడు మండలములలోని గ్రామములు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినప్పుడు బూర్గంపాడు మండలము నుండి కూడా కొన్ని గ్రామములు వెళ్లినవి. సారపాక తెలంగాణలో నిలిచినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైనది. అన్నది ఒక రాష్ట్రము, తమ్మునిది మరొక రాష్ట్రము అయిన కుటుంబములు ఈ సరిహద్దులో ఉండుట సహజము. పింఛను ఒకచోట, రేషను కార్డు మరొకచోట, బిడ్డ చదువు ఇంకొకచోట.

ఒక తండ్రి, ఒక తల్లి, ఇద్దరు పిల్లలు గల ఇల్లును కుటుంబము యొక్క నమూనాగా ఊహించి వ్రాసిన పాఠము ఇక్కడ తడబడుతుంది. కోయలలో గట్టు, ఇంటిపేరు, పెద్దల మాట – ఇవన్నీ వివాహమునకు హద్దులు ఏర్పరుస్తవి. ఈ విషయములో పాత నిబంధన మనకు ఆధునిక పాఠ్యగ్రంథము కన్న దగ్గరగా ఉన్నది. ఇశ్రాయేలులో ఒక వ్యక్తి మొదట “బేత్ ఆబ్” అను తండ్రి ఇంటికి, ఆ తరువాత “మిష్పాహా” అను వంశమునకు, ఆ తరువాత గోత్రమునకు చెందినవాడు. ఆ మూడింటిని కలిపి కట్టినది భూమి.

4. చట్టము: సెలోపెహాదు కుమార్తెలు

కుటుంబ చట్టము, ప్రభుత్వ విధానము అను పాఠము బైబిలుకు కొత్త కాదు. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఐదుగురు అక్కచెల్లెండ్రు మోషే ఎదుట నిలిచి, కుమారులు లేని తమ తండ్రి యొక్క స్వాస్థ్యమును తమకు ఇవ్వవలెనని అడిగారు. మోషే ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసికొని వెళ్లాడు. వారి మాట న్యాయమని తేలి, చట్టము మారినది. మోషే వారిని ఓదార్చి పంపలేదని, ఓర్చుకొమ్మని చెప్పలేదని గమనించవలెను.

అయితే కథ అక్కడ ముగియలేదు. 36వ అధ్యాయములో గోత్రపు పెద్దలు మరొక ప్రశ్న తెచ్చారు: ఈ కుమార్తెలు వేరొక గోత్రపు వారిని వివాహము చేసికొంటే భూమి ఆ గోత్రమునకు పోదా? అప్పుడు వారు తమ గోత్రములోనే వివాహము చేసికొనవలెనని నిర్ణయమైనది. స్త్రీ హక్కును గుర్తించిన చట్టమే, గోత్రపు భూమిని కాపాడుటకు ఆమె ఎంపికకు హద్దు పెట్టినది. ఈ రెండు అధ్యాయముల మధ్య ఉన్న బిగువును మనము సాధారణముగా బోధించము.

సారపాక పరిసరములలో ఈ బిగువు పుస్తకములోనిది కాదు. ఏజెన్సీ ప్రాంతపు భూబదలాయింపు నిబంధనలు 1959లో వచ్చినవి. వాటిని సవరించిన 1970 నాటి 1/70 చట్టము ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములో భూమిని గిరిజనేతరులకు బదలాయించుట చెల్లదు. ఈ చట్టమును దాటుటకు ఏజెన్సీలో అనుసరించిన దారులలో వివాహము ఒకటి. గిరిజనేతరుడు గిరిజన స్త్రీని పెండ్లాడి, ఆమె పేరున భూమి కొని, తానే అనుభవించుట అందరికీ తెలిసిన సంగతి. కొన్ని సందర్భములలో అతనికి వేరొకచోట మరొక భార్య కూడా ఉంటుంది.

ఇటువంటి జంట వివాహము జరిపించుమని కాపరి యొద్దకు వచ్చినదనుకొందాము. సదస్సులో నేర్చుకొన్న ప్రశ్నలు ఏమిటి? ఒకరి అభిరుచులు మరొకరికి తెలియునా, కోపము వచ్చినప్పుడు ఏమి చేస్తారు, ప్రార్థనా జీవితము ఎట్లున్నది? అన్నిటికీ మంచి జవాబులే రావచ్చును. భూమి ఎవరి పేరున ఉన్నది, పట్టాదారు పాసు పుస్తకము ఎవరి చేతిలో ఉన్నది, వరునికి ముందే వివాహమైనదా అను ప్రశ్నలు వేయని కాపరి, తెలియకుండనే ఒక భూమి ఒప్పందమును ఆశీర్వదించి పంపవచ్చును. కులాంతర వివాహములన్నిటినీ అనుమానించుమని దీని భావము కాదు. ప్రేమతో జరిగే అట్టి వివాహములు సంఘమునకు సాక్ష్యము. అయితే ప్రేమకు, భూమికి మధ్య తేడా తెలిసికొనుటకు చట్టము తెలియవలెను.

చట్టము తెలియని కాపరి తానే ప్రమాదములో పడవచ్చును. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము అధికారము లేకుండా క్రైస్తవ వివాహము జరిపించుట శిక్షార్హమైన నేరము. స్వతంత్ర సంఘముల కాపరులలో ఎంతమంది తమ లైసెన్సును గూర్చి ఆలోచించారు? వారు జరిపించిన వివాహములో రేపు వివాదము వస్తే, నష్టపోయేది ముఖ్యముగా స్త్రీయే. 2005 నాటి గృహ హింస నిరోధక చట్టము భార్యకు భర్త ఇంటిలో నివసించే హక్కును ఇచ్చినది. కొట్టబడిన స్త్రీకి సర్దుకొమ్మని చెప్పి పంపే కౌన్సెలింగు ఆ హక్కును ఆమెకు తెలియనీయదు. 2012 నాటి పోక్సో చట్టము మరింత స్పష్టమైనది. బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసిన ఎవరైనను పోలీసులకు తెలియజేయవలెను, తెలియజేయకుండుట నేరము. కాపరులకు అందులో మినహాయింపు లేదు. “ఇది సంఘములోని విషయము, రహస్యముగా సరిచేద్దాము” అనుట ఇకమీదట పరిచర్య అనిపించుకొనదు.

ఇంకొక చేదు సంగతి కూడా ఇక్కడ చెప్పవలెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు వలన, షెడ్యూల్డు కులము నుండి వచ్చిన క్రైస్తవుడు ఆ హోదాను పోగొట్టుకొని బి.సి.-సి వర్గములో లెక్కించబడుతున్నాడు. మతము మారిన గిరిజనునికి ఆ నష్టము లేదు. అందువలన సారపాకలోని ఒకే సంఘములో, ఒకే బల్ల యొద్ద, ఒకరికి ధ్రువపత్రము ఉండి పక్కవానికి లేని స్థితి కలదు. దళిత కుటుంబములలో బిడ్డ చదువు కొరకు కాగితము మీద ఒక పేరు, సంఘములో ఒక పేరు పెట్టుకొనుట మనకందరికీ తెలియును. దానిని అబద్ధమని పులుపిట నుండి గద్దించుట తేలిక. ఆ ఇంటిలో రాత్రి తండ్రికి, బిడ్డకు మధ్య జరిగే సంభాషణలో కూర్చుండగల సేవకుడు కావలెను. ఈ బరువును మోయుటకు కుటుంబ సేవల విద్య సేవకుని సిద్ధపరచకపోతే, అది ఇక్కడి కుటుంబమునకు సేవ కాదు.

5. వనరులు: ఇంటిలో ఏమున్నది?

రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములోని విధవరాలు ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య. నేటి మాటలో చెప్పవలెనంటే సేవకుని కుటుంబము. అప్పు తీరలేదు, అప్పులవాడు ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొని పోవుటకు వచ్చాడు. ఎలీషా ఆమెను ఆమె ఇంటిలో ఏమున్నదని అడిగాడు. తరువాత ఇరుగుపొరుగు వారి పాత్రలు, మూసిన తలుపు వెనుక పని, నూనె అమ్మకము, అప్పు తీర్చుట, మిగిలిన దానితో బ్రదుకుట – అన్నీ క్రమముగా జరిగినవి. అద్భుతమును మాత్రమే బోధించి ఈ క్రమమును విడిచిపెట్టుట వలన మనము సగము పాఠమును పోగొట్టుకొన్నాము.

తెలుగు గ్రామములలో అప్పులవాడు నేడు వారము వారము గుంపుగా కూర్చుండబెట్టి వసూలు చేసే రూపములో కూడా వస్తాడు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యలు వార్తలకెక్కిన తరువాత 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న అట్టి సంస్థలకు ఆ రాష్ట్ర చట్టము వర్తించదని తీర్పు చెప్పినది. ఏ అప్పుకు ఏ చట్టము వర్తించునో తెలియని సేవకుడు, అప్పుల బాధలో ఉన్న సహోదరికి ఉపవాస ప్రార్థన ఒక్కటే చూపగలడు. ప్రార్థన చేయవలసినదే. ఎలీషా వలె ప్రశ్నలు కూడా అడుగవలెను.

మన మిషను చరిత్ర కూడా ఈ విషయములో ఒక హెచ్చరికను ఇస్తున్నది. గోదావరి ఎగువన దుమ్ముగూడెములో మిషనరీల కుటుంబములు స్త్రీలకు లేసు అల్లిక నేర్పించినవి. డెల్టాలోని నరసాపురము లేసు చరిత్ర కూడా మిషనరీ స్త్రీలతోనే మొదలైనది. విధవరాండ్రకు, పేద స్త్రీలకు ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించే దారి చూపుట ఎంతో దయగల పని. అయితే మరియా మీస్ అను పరిశోధకురాలు 1982లో నరసాపురము లేసు స్త్రీలను గూర్చి ప్రచురించిన గ్రంథములో ఒక పదునైన సంగతిని చూపించింది. వీరు గృహిణులే గాని కార్మికులు కారు, ఖాళీ సమయములో అల్లుకొంటారు అను భావన వలననే వారి కూలి అంత తక్కువగా నిలిచినది. లాభము మధ్యవర్తులకు, ఎగుమతిదారులకు చేరినది. “కుటుంబమునకు సహాయము” అను మంచి పేరు, అన్యాయమైన కూలికి తెర కాగలదు. సంఘము నడిపే కుట్టు కేంద్రములన్నిటికీ ఈ ప్రశ్న వర్తించును.

దీనికి భిన్నమైన ఒక ఉదాహరణ కూడా తెలుగు నేలలోనే ఉన్నది. 1990 దశకపు ఆరంభములో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు, తమ ఇండ్లను పాడు చేస్తున్న సారాయి దుకాణమును మూయించారు. ఆ ఉద్యమము రాష్ట్రమంతటా వ్యాపించి, 1993లో సారాయి నిషేధమునకు, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారి తీసినది. 1997లో ఆ సంపూర్ణ నిషేధము ఎత్తివేయబడినది. ఆ స్త్రీలు ఒక్కొక్కరుగా తమ భర్తలను మార్చుకొనుటకు ప్రయత్నించి అలసిపోయినవారే. తాగుబోతు భర్తతో ఎట్లు మాట్లాడవలెనని నేర్పే పాఠము అవసరమే. సారాయి దుకాణము ఊరి నడుమకు ఎట్లు వచ్చినదని అడిగే పాఠము కూడా కుటుంబ సేవయే.

6. పంపిణీ: ఎవరి విధవరాండ్రు?

సంఘ చరిత్రలో మొదటి మానవ సేవల వ్యవస్థ అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో కనబడుతుంది. అది ఒక ఫిర్యాదుతో ఆరంభమైనది. అనుదిన పంపిణీలో గ్రీకు మాట్లాడు యూదుల విధవరాండ్రు విస్మరించబడుచున్నారని ఆ వర్గము వారు సణిగారు. విస్మరించినవారు దుర్మార్గులని లూకా చెప్పలేదు. పంచేవారి భాష వేరు, తీసికొనేవారి భాష వేరు, కనబడనివారికి అందలేదు. అపొస్తలులు ఫిర్యాదును గద్దించలేదు. ఏర్పరచబడిన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నష్టపోయిన వర్గమునకు దగ్గరివారి చేతికే పంపిణీ అప్పగించబడినదని గ్రహించవచ్చును.

2022 జూలైలో భద్రాచలము యొద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తరువాత అంతటి వరద అదే. వంతెనపై రాకపోకలు ఆగిపోయినవి. సారపాకలోను, బూర్గంపాడు మండలములోను ఇండ్లు నీట మునిగినవి. అటువంటి సమయములో సంఘములు బియ్యము, దుప్పట్లు పంచుట మంచి సాక్ష్యము. ఆ పంపిణీకి జాబితా ఎవరు వ్రాస్తారు? సాధారణముగా తెలుగు చక్కగా మాట్లాడగలిగినవారు, రోడ్డు పక్కన ఉన్నవారు, కాపరి ఫోనులో పేరు ఉన్నవారు ముందు చేరుతారు. అడవి లోపల ఉన్న కోయ వృద్ధురాలు, 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ హింస నుండి పారిపోయి వచ్చిన గుత్తి కోయ తల్లి చివరకు మిగులుతారు. గుత్తి కోయలకు ఇక్కడి ధ్రువపత్రములు దొరకుట కష్టము గనుక, ప్రభుత్వ జాబితాలో లేనివారు సంఘపు జాబితాలో కూడా లేకుండుటకు అవకాశము కలదు.

భాష విషయములో మనకు ఒక పాత మాదిరి ఉన్నది. 1860 దశకములో దుమ్ముగూడెములో చర్చి మిషనరీ సొసైటీ కోయ మిషను ఆరంభించినది. నదీ రవాణా పనులపై అక్కడ ఉన్న ఇంజనీరు హెయిగ్, ఇందుకూరి వెంకటరామరాజు అను తెలుగు విశ్వాసి దానికి ఆదిపురుషులు. ఆ తరువాత దశాబ్దముల తరబడి అక్కడ పని చేసిన జాన్ కెయిన్, కోయల భాషను, వివాహ ఆచారములను పరిశీలించి 1870 దశకము నుండి “ఇండియన్ ఆంటిక్వరీ”లో వ్యాసములు వ్రాశాడు. ఆయన దృష్టిలో వలస పాలన కాలపు పరిమితులు ఉన్నవి. కోయల ఆచారములను వింతలుగా చూచిన సందర్భములు ఉన్నవి. అయినను, సేవ చేయవలసిన ప్రజల ఇల్లు ఎట్లు కట్టబడినదో తెలిసికొనుట పరిచర్యలో భాగమని ఆయన నమ్మాడు. నేటి విద్యార్థులలో ఆ ఓపిక ఎంతమందికి ఉన్నది?

7. రెండు అభ్యంతరములు

మొదటి అభ్యంతరము: కాపరి సోషల్ వర్కర్ కాడు. అపొస్తలులు కూడా ఆహారపు బల్లల పనిని ఇతరులకు అప్పగించి, తాము వాక్యములోను, ప్రార్థనలోను నిలిచారు గదా? ఈ అభ్యంతరములో సత్యమున్నది. అన్నీ కాపరియే చేయవలెనని ఈ వ్యాసము చెప్పదు. అయితే ఆ అధ్యాయములో పంపిణీకి, వాక్యపు పనికి లూకా ఒకే గ్రీకు మాటను, “దియకొనియా” అను మాటను వాడాడని గమనించవలెను. రెండూ పరిచర్యలే. బల్లల పనికి కూడా ఆత్మతో, జ్ఞానముతో నిండినవారినే కోరారు. ఆ ఏడుగురిలో స్తెఫను, ఫిలిప్పు వాక్యమును ప్రకటించుటలో ముందు నిలిచారు. పని విభజన వేరు, పనిని చిన్నచూపు చూచుట వేరు. అపొస్తలులు పనిని అప్పగించారు. మనము అప్పగించకుండనే వదిలివేశాము.

రెండవ అభ్యంతరము దీనికి ఎదురైనది. జాబితాలు, అర్హతలు, విచారణలు సంఘమును ప్రభుత్వ కార్యాలయముగా మార్చవా? మార్చవచ్చును. మేరీ రిచ్‌మండ్ పద్ధతికి ఉన్న బలహీనత ఇదే. మనిషి “కేసు”గా మారే ప్రమాదమున్నది. అయినను మొదటి తిమోతి 5వ అధ్యాయములో విధవరాండ్ర జాబితా ఉన్నది, అరువది ఏండ్ల వయో నియమము ఉన్నది, బిడ్డలు గలవారిని మొదట వారి బిడ్డలే చూడవలెనను విచారణ ఉన్నది. ప్రేమకు క్రమము అక్కరలేదని పౌలు అనుకొనలేదు. అదే అధ్యాయములో వృద్ధురాలిని తల్లి వలె, యౌవన స్త్రీని చెల్లెలి వలె చూడవలెనను హెచ్చరిక ముందుగా వస్తుంది. జాబితా తరువాత వస్తుంది. ఈ వరుసను తారుమారు చేయని విద్యనే క్రైస్తవ విద్య అనవలెను.

ముగింపు

క్రైస్తవ విశ్వవిద్యాలయములో కుటుంబ, మానవ సేవలు చదువగోరు మన యౌవనస్తులను నిరుత్సాహపరచవలసిన పని లేదు. ఆ విద్య పూర్తిగా చదివితే మంచిదే. పది విషయములలో కష్టమైన ఆరింటిని విడిచి, వినుటకు ఇంపైన నాలుగింటితో తిరిగి వచ్చుట మంచిది కాదు.

వేదాంత కళాశాలలు కూడా తమ వంతు చేయవలెను. కౌన్సెలింగు పాఠముతో పాటు వివాహ చట్టము, గృహ హింస చట్టము, పోక్సో, ఏజెన్సీ భూచట్టము – వీటిని ఒక న్యాయవాది చేత బోధింపజేయవచ్చును. క్షేత్రానుభవములో ఒక నెల ఆదివారపు ప్రసంగములకు గాక, ఒక కుటుంబము వెంట మండల కార్యాలయమునకు, ఆసుపత్రికి, బ్యాంకుకు తిరుగుటకు కేటాయించవచ్చును. కోయ ప్రాంతములో సేవకు వెళ్లువారు కోయ మాటలు నేర్చుకొనవలెను. అంతకన్న ముఖ్యముగా, కోయ యౌవనస్తులను, యౌవన స్త్రీలను ఈ విద్యకు పంపవలెను. ఏడుగురికి గ్రీకు పేర్లు ఉన్నట్లే, మన జాబితా వ్రాసేవారిలో కోయ ఇంటిపేర్లు ఉండవలెను.

సెలోపెహాదు కుమార్తెలు నేడు సారపాకలోని ఒక సంఘమునకు వచ్చి తమ భూమిని గూర్చి అడిగితే, మనము వారిని ప్రార్థన చేసి పంపివేస్తామా, లేక మోషే వలె వారి ప్రశ్నను విని, దాని వెంట నడుస్తామా? కుటుంబ పరిచర్యను గూర్చి మన విద్య ఇచ్చే జవాబు ఆ రోజున తెలియును.